ముగ్గురికి ఒక యంత్రం: పాఠశాలల ప్రోగ్రామింగు పోటీలపై ఒక విమర్శ

వక్తృత్వపు పోటీ, వ్యాసరచన పోటీ, క్విజ్జు, వైజ్ఞానిక ప్రదర్శన - ఇవి మన ఉన్నత పాఠశాలలకు చిరపరిచితాలు. వీటి సరసన ఇప్పుడు ప్రోగ్రామింగు పోటీ కూడా వచ్చి చేరినది. ముగ్గురు విద్యార్థులు ఒక జట్టుగా కూర్చొని, ఇచ్చిన సమస్యలకు కంప్యూటరు చేత సమాధానాలు రాబట్టడం ఈ పోటీలోని పని. ఇవి రావడం సంతోషించదగిన విషయమే. అయితే వీటిని నడిపే తీరును గురించి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నవి. చంద్రగిరి, తిరుపతి ప్రాంతంలో ఇటువంటి పోటీలకు రెండు మూడు పర్యాయాలు న్యాయనిర్ణేతగా కూర్చొన్నవాడిని గనుక, ఆ మాటలు ఉపాధ్యాయుల ముందు, విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఈ పోటీ ఎక్కడినుంచి వచ్చినదో చూద్దాము. దీని మూలం ఐ.సి.పి.సి. అని పిలిచే అంతర్జాతీయ కళాశాలల ప్రోగ్రామింగు పోటీ. 1970లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జరిగిన పోటీ దీనికి నాంది. 1977 నుంచి దీని తుది పోటీలు జరుగుతున్నవి. మన దేశంలో కేరళలోని అమృతపురి, ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు వంటి చోట్ల దీని ప్రాంతీయ పోటీలు జరిగినవి. నిబంధనలు చాలా సరళమైనవి. జట్టుకు ముగ్గురు, ముగ్గురికీ కలిపి కంప్యూటరు ఒక్కటే, గడువు అయిదు గంటలు, సమస్యలు పదీ పన్నెండు. వ్రాసిన ప్రోగ్రామును న్యాయనిర్ణేతల యంత్రం రహస్యంగా దాచిన పరీక్షాంకాలతో పరీక్షిస్తుంది. అన్నిటికీ సరియైన జవాబు వస్తే ఆ సమస్య సాధించినట్లు; ఒక్కటి తప్పినా ఏమీ సాధించనట్లే. సాధించిన ప్రతి సమస్యకూ ఒక రంగు బుడగ తెచ్చి బల్లకు కడతారు. సమానంగా సాధించిన జట్లలో ఎవరు ముందు అన్నది నిమిషాల లెక్క మీద తేలుతుంది. నలభయ్యవ నిమిషంలో సాధించి, అంతకు ముందు రెండు పర్యాయాలు తప్పు ప్రోగ్రాము సమర్పించి ఉంటే, తప్పుకు 20 నిమిషాల చొప్పున జరిమానా కలిపి ఆ జట్టు ఖాతాలో 80 నిమిషాలు పడతాయి.

పేరులోనే ఉన్నది, ఇది కళాశాలలవారి పోటీ. పాఠశాలల వారికి ఇదే పద్ధతిలో పోటీ పెట్టినవారు లేకపోలేదు. రష్యాలో పాఠశాల విద్యార్థుల జట్ల ఒలింపియాడు 2000 సంవత్సరం నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ కేంద్రంగా జరుగుతున్నది. కాని అక్కడి జట్లు ఎన్నో అంచెలు దాటి, ఏళ్ళ తరబడి సాధన చేసి వచ్చినవి. మన దగ్గర జరిగేది వేరు. ఆరు నెలల క్రితం మొదటిసారి కీబోర్డు ముట్టుకొన్న తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆ నిబంధనలను అట్లే తెచ్చి పెడుతున్నారు. కొలత తీసుకోకుండా అన్నగారి చొక్కా తమ్ముడికి తొడిగినట్లున్నది. ఇందులో చిత్రమేమిటంటే, పాఠశాలలకు అచ్చంగా సరిపోయే నిబంధన ఆ చొక్కాలో ఒకటి ఉన్నది. దానినే మనవారు పాడుచేస్తున్నారు. సరిపోనివాటిని మాత్రం భద్రంగా నిలుపుకొంటున్నారు.

ఒక సమస్యను తీసుకొని చూస్తే ఈ మాట తేటపడుతుంది.

చంద్రగిరి మండలంలోని శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలై తిరుమల కొండకు వెళ్ళే కాలిదారి శ్రీవారి మెట్టు. దీనికి 2388 మెట్లున్నవని చెబుతారు. ఒక కుర్రవాడు ఈ మెట్లను ఒక్కొక్కటిగానో, రెండేసిగానో, ఎట్లా ఇష్టమైతే అట్లా కలుపుతూ ఎక్కుతాడనుకొందాము. మొత్తం ఎన్ని రకాలుగా ఎక్కవచ్చును? 

నాలుగే మెట్లయితే వేళ్ళమీద లెక్కించవచ్చును: 1-1-1-1, 1-1-2, 1-2-1, 2-1-1, 2-2. అయిదు రకాలు. తెలుగు వాచకంలో గురులఘువులు నేర్చిన విద్యార్థి దీనిని ఇట్టే గుర్తుపడతాడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు ఎన్ని? గగ, గలల, లగల, లలగ, లలలల - ఆ అయిదే. ఈ లెక్కను మన ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, హేమచంద్రుడు ఏనాడో చెప్పినారు. ఇటలీలో పీసా నగరవాసి లియొనార్డో, అనగా ఫిబొనాచి, ఈ సంఖ్యలను తన పుస్తకంలో పెట్టినది 1202లో. హేమచంద్రుడు అంతకు ముందటివాడు. సూత్రం ఇంతే: చివరి అడుగు ఒక మెట్టు అయినా కావలె, రెండు మెట్లు అయినా కావలె. కనుక 10 మెట్ల లెక్క కావాలంటే 9 మెట్ల లెక్కను, 8 మెట్ల లెక్కను కూడితే చాలును. 1, 2, 3, 5, 8, 13, 21... పదవ మెట్టు దగ్గరికి 89 వస్తుంది.

ఇప్పుడు దీనిని కంప్యూటరుకు చెప్పాలి. తెలివిగల విద్యార్థి మొదట వ్రాసేది పై సూత్రాన్ని ఉన్నదున్నట్లుగా తర్జుమా చేసిన ప్రోగ్రాము. 50 మెట్ల లెక్కకు అది 49, 48 మెట్ల లెక్కలను అడుగుతుంది. ఆ రెండూ తిరిగి తమ వెనుకటివాటిని అడుగుతాయి. ఇట్లా తనను తానే పిలుచుకొనే పద్ధతిని రికర్షన్ అంటారు. చూడడానికి ముచ్చటైనది. 30 మెట్ల వరకు చిటికెలో జవాబు చెబుతుంది. పిలుపులు సుమారు 27 లక్షలే. 50 మెట్లకు వచ్చేసరికి పిలుపులు 4073 కోట్లవుతాయి. సెకనుకు 10 కోట్ల పిలుపుల వేగంతో యంత్రం నడుస్తుందనుకొన్నా దాదాపు ఏడు నిమిషాలు. 90 మెట్లయితే? సుమారు 2950 సంవత్సరాలు! 11వ శతాబ్దినాటిదని చెప్పుకొనే మన చంద్రగిరి కోట వయస్సుకు మూడు రెట్లు. చెప్పిన లెక్కనే మళ్ళీ మళ్ళీ కోట్లసార్లు చేయించడం వలన వచ్చిన అనర్థమిది. వచ్చిన జవాబులను ఒక పట్టికలో వ్రాసుకొంటూ పోతే 90 మెట్లకు 89 కూడికలు చాలును.

అంతటితో ఆగదు. సి భాషలో 64 బిట్ల పూర్ణసంఖ్యలు వాడితే 91వ మెట్టు వరకు పట్టిక సరిగా నడుస్తుంది. 92వ మెట్టు దగ్గర సంఖ్య పట్టక పొంగిపొరలి, జవాబు రుణసంఖ్యగా కనబడుతుంది. మెట్లెక్కే విధానాలు సున్న కంటె తక్కువట! పైథాన్ భాషలో ఈ చిక్కు లేదు. అక్కడ సంఖ్య ఎంత పెరిగితే అంత చోటు దొరుకుతుంది. శ్రీవారి మెట్టు మొత్తానికి వచ్చే జవాబులో 499 అంకెలుంటాయి. అందుకని ప్రశ్నలో చివరి నాలుగు అంకెలను మాత్రమే అడగడం మేలు. రెండు సంఖ్యల మొత్తంలో చివరి నాలుగు అంకెలు కావాలంటే, ఆ రెండింటి చివరి నాలుగు అంకెలను కూడితే చాలునని ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా కాగితం మీద చేసి చూపగలడు.

ఒకే ప్రశ్నలో ఇన్ని మెట్లున్నవి. వేళ్ళమీద లెక్కించినవాడొకడు, సూత్రం కనిపెట్టినవాడొకడు, పట్టిక వేసినవాడొకడు, సంఖ్య పొంగిపోవడాన్ని పసిగట్టి దారి చూసినవాడొకడు. మరి కళాశాలల నిబంధన ప్రకారం మార్కులెట్లా పడతాయి? ఆఖరి మెట్టు ఎక్కినవాడికి బుడగ; తక్కిన ముగ్గురికీ సున్న. సూత్రాన్ని స్వయంగా కనిపెట్టిన జట్టుకూ, ప్రశ్న చదవకుండా కిటికీలోనుంచి చూస్తూ కూర్చొన్న జట్టుకూ ఫలితాల పలకమీద తేడా ఉండదు. విశ్వవిద్యాలయపు విద్యార్థికి ఈ కాఠిన్యం తగును. రేపు అతడు వ్రాసే ప్రోగ్రాము ఒక రైలు సిగ్నలును నడపవచ్చును. నేర్చుకొనే దశలో ఉన్న పిల్లలకు ఇది నేర్పేదేమిటి? ఒక పోటీలో పాల్గొన్న పద్దెనిమిది జట్లలో పదకొండింటికి సున్నలు రావడం చూచినాను. వారి కాగితాలు తిరగవేస్తే కనీసం అయిదు జట్లు సరియైన దారిలోనే సగం దూరం నడిచి ఉన్నవి. నిర్వాహకులకు ఆ కాగితాలు చూసే నిబంధన లేదు. చెత్తబుట్టలో వేసినారు.

పాఠశాల విద్యార్థుల కోసమే పుట్టిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడు ఈ విషయంలో భిన్నమైన దారి పట్టినది. 1989లో బల్గేరియాలోని ప్రావెట్స్ పట్టణంలో 13 దేశాలవారితో అది ప్రారంభమైనది; 2002 నుంచి భారతదేశం పాల్గొంటున్నది. అది జట్ల పోటీ కాదు, ఎవరి మార్కులు వారివే. కాని అక్కడ ప్రతి సమస్యనూ చిన్నచిన్న భాగాలుగా విడగొట్టి, ఎంతవరకు సాధిస్తే అంతవరకు మార్కులిస్తారు. పై సమస్యకు నేనైతే ఇట్లా పంచుతాను: అయిదు మెట్ల వరకు కాగితం మీద చూపినందుకు 10 మార్కులు, 30 మెట్ల వరకు నడిచే ప్రోగ్రాముకు 30, 90 వరకు అయితే మరి 40, శ్రీవారి మెట్టు పూర్తిగా ఎక్కితే తక్కిన 20. ఇట్లా అయితే సున్నతో ఇంటికి వెళ్ళే జట్టు ఉండదు; అయినా అన్నిటికంటె మంచి జట్టు ఏదో తేటగా తెలుస్తుంది.

నిమిషాల లెక్క గురించి కూడా ఒక మాట. తప్పు ప్రోగ్రాము సమర్పిస్తే జరిమానా ఉండడం మంచిదే. అది లేకపోతే పిల్లలు గుడ్డిగా మార్చి మార్చి పంపుతూ ఉంటారు. ఒకసారి చేతితో సరిచూసుకొందామన్న బుద్ధి పుట్టదు. ఒక్కొక్క తప్పుకు రెండు మార్కులు తగ్గిస్తే సరిపోతుంది. ఎవరు ముందు పూర్తి చేసినారన్న పరుగుపందెం మాత్రం పాఠశాలలో అనవసరం. పరుగు వచ్చిన చోట టైపు చేసే చేతివేగమే తెలివిగా చలామణి అవుతుంది. రెండు జట్లకు సమానంగా మార్కులు వస్తే ఇద్దరికీ ప్రథమ బహుమతి ఇస్తే ఏమి పోయినది? కప్పు ఒక్కటే కొన్నారన్న బాధ తప్ప!

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ముగ్గురికి ఒక యంత్రం అన్న నిబంధనే పాఠశాలలకు అచ్చంగా సరిపోయేదని పైన అన్నాను. కంప్యూటర్లు తక్కువగా ఉన్న మన పాఠశాలలకు అది వెసులుబాటు. అది చిన్న కారణం. పెద్ద కారణం వేరు. యంత్రం ఒక్కటే అయినప్పుడు తక్కిన ఇద్దరి చేతిలో ఉండేది కాగితం. ఆలోచన కాగితం మీద జరగాలి, నోటి మాటగా ఇంకొకరికి చెప్పాలి, వారు అడ్డుప్రశ్న వేయాలి. ప్రోగ్రామింగులో కష్టమైన భాగమంతా ఇదే. మన దేశపు ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడులో తొలి అంచెలోని ఒక ప్రాంతీయ పరీక్షను కంప్యూటరు లేకుండా కాగితం మీద నిర్వహించి ఉండడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

ఈ నిబంధన రెండు విధాలుగా చెడుతున్నది. ఒక సంస్థవారు పోటీ ఘనంగా కనబడాలని ముగ్గురికీ మూడు కంప్యూటర్లు ఇచ్చినారు. హాలు చూడముచ్చటగానే ఉన్నది. కాని మూడు గంటలసేపు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. జట్టు పేరుతో జరిగినది ముగ్గురి ఒంటరి పోటీ. మరొకచోట యంత్రం ఒక్కటే ఇచ్చినారు. ఇంట్లో కంప్యూటరు ఉన్న అబ్బాయి ఆ కుర్చీలో కూర్చొన్నాడు, మళ్ళీ లేవలేదు. రెండవవాడు వెనుకనుంచి తొంగిచూస్తున్నాడు. మూడవది ఒక పల్లె పాఠశాల విద్యార్థిని. నోటుపుస్తకంలో ఏదో వ్రాసుకొంటూ కూర్చొన్నది. మధ్యలో వెళ్ళి చూస్తే ఆమె వేసుకొన్న చిన్న పట్టికలో, వారి ప్రోగ్రాము ఎక్కడ తప్పుతున్నదో కనబడుతూనే ఉన్నది. ఆమెను అడిగినవారు లేరు. చెప్పబోతే వినే తీరిక ఆ కుర్చీలోని వారికి లేదు. న్యాయనిర్ణేత నోరు విప్పరాదు గనుక నేను ముందుకు సాగిపోయినాను. ఆ జట్టుకు మూడవ బహుమతి వచ్చినది. సభలో మాట్లాడమంటే కుర్చీలోని అబ్బాయే మాట్లాడినాడు.

దీనిని పిల్లల స్వభావమని వదిలివేయరాదు. నిబంధన లేనిచోట బలవంతుడిదే కుర్చీ. మందు కష్టమైనది కాదు. మొదటి అరగంట యంత్రాలు మూసి ఉంచాలి. ప్రశ్నపత్రం, కాగితం, పెన్సిలు, అంతే. తరువాత ప్రతి సమస్యకూ కుర్చీలో మనిషి మారాలి. అన్నిటికంటె ముఖ్యమైనది: పద్ధతి కనిపెట్టినవారు టైపు చేయరాదు. తమ ఆలోచనను మాటలలో చెప్పి ఇంకొకరి చేత వ్రాయించాలి. అరకొర ఆలోచన ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. 'పట్టికలో వేస్తూ పో' అని చెప్పిన విద్యార్థిని, 'మొదటి గడిలో ఏమి వేయాలి?' అని వ్రాసేవాడు అడిగి తీరుతాడు. ప్రోగ్రామింగులో సగం తప్పులు ఆ మొదటి గడిలోనే పుడతాయి సుమా! మూడవ విద్యార్థికి మరొక పని: నాలుగు మెట్లకు, అయిదు మెట్లకు చేతితో జవాబు తేల్చి, యంత్రం చెప్పినదానితో సరిచూడటం. ఈ కాగితాలకు వేరుగా మార్కులుండాలి. కళాశాల విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో ఆరుగురి జట్టులో ఒక్క అమ్మాయి అయినా ఉండాలన్న నిబంధన ఉన్నది. పాఠశాలల పోటీలలో ఆ నిబంధన పెట్టడం తేలికే. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చొనేటట్లు చూడడం దాని తరువాతి పని.

భాష సంగతి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలున్న హాలులో ప్రశ్నపత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఇవ్వడం నేను చూచిన ప్రతిచోటా ఉన్నది. సమస్య చుట్టూ ఒక కథ అల్లడం ఈ పోటీలలో ఆచారం. మెట్ల సమస్యకు ఒక పేజీ కథ అల్లితే, ఆ పేజీ అర్థం చేసుకోవడానికే కొందరికి అరగంట పడుతుంది. అప్పుడు మనం పరీక్షించినది దేనిని? ప్రోగ్రామింగు ఎట్లాగూ ఇంగ్లీషులోనే కదా అని కొందరంటారు. పైథాన్ భాషలో ప్రత్యేకంగా కేటాయించిన పదాలు మొత్తం 35. పాఠశాల విద్యార్థికి నిత్యం కావలసినవి పది పన్నెండు. వాటిని కూడిక గుర్తు, తీసివేత గుర్తు నేర్చుకొన్నట్లే నేర్చుకొంటారు. వాటిని చూపి, పేజీడు ప్రశ్నను ఇంగ్లీషులో పెట్టడం సమంజసం కాదు. అంతర్జాతీయ ఒలింపియాడులో పోటీకి ముందు రాత్రి ప్రతి దేశపు నాయకులూ మేల్కొని కూర్చొని, సమస్యలను తమ విద్యార్థుల భాషలోకి అనువదిస్తారు. ఇంగ్లీషు ప్రతి, తమ భాషలోని ప్రతి రెండూ విద్యార్థి బల్లమీద ఉంటాయి. ప్రపంచ స్థాయిలో తగును అనుకొన్న పని మండల స్థాయిలో ఎందుకు తగదో నాకు బోధపడదు. అన్నట్లు, పైథాన్‌లో చలరాశులకు తెలుగు లిపిలోనే పేరు పెట్టవచ్చును. 'మెట్లు' అని వ్రాస్తే యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు. చేసి చూడండి.

పరికరాల విషయం ఇంతగా అడ్డంకి కాదు. ప్రోగ్రాములను పరీక్షించి మార్కులు వేసే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతున్నది. నెదర్లాండ్స్‌లో పుట్టిన డామ్‌జడ్జి ఒకటి, 2012 అంతర్జాతీయ ఒలింపియాడు కోసం ఇటలీలో తయారైన సి.ఎం.ఎస్. మరొకటి. ఒక లాప్‌టాప్‌లో దీనిని పెట్టి, తక్కిన కంప్యూటర్లను తీగలతో దానికి కలిపితే ఇంటర్నెట్ అవసరమే లేదు. పది జట్ల లోపు అయితే ఇది కూడా అక్కరలేదు, ఇద్దరు ఉపాధ్యాయులు పెన్‌డ్రైవుతో తిరిగితే చాలును. కరెంటు పోతే ఆ నిమిషాలు గడువుకు కలుపుతామని ముందే ప్రకటించాలి. అయిదు గంటలు పిల్లలకు ఎక్కువ. రెండున్నర గంటలు, నాలుగు సమస్యలు చాలును. ఇళ్ళవద్దనుంచి ఆన్‌లైన్‌లో పెట్టే తొలి అంచెలను మాత్రం మానివేయడం మంచిది. అడిగిన క్షణంలో ప్రోగ్రాము వ్రాసిపెట్టే కృత్రిమ మేధ ఫోనులోనే దొరుకుతున్న ఈ రోజులలో అటువంటి అంచెలో గెలిచినది ఎవరో చెప్పలేము.

చివరకు అన్నిటికంటె నిర్లక్ష్యానికి గురి అవుతున్నది పోటీ ముగిసిన తరువాతి గంట. బహుమతుల సభకు గంటన్నర, సమస్యల వివరణకు ఒక్క నిమిషం కూడా లేదు. సాధించలేకపోయిన సమస్య ఆ సాయంత్రం తలలో గింగిరాలు తిరుగుతూనే ఉంటుంది. చెబితే వినే చెవులు అప్పుడే ఉంటాయి. సభకు ముందే నల్లబల్ల దగ్గర ఒక్కొక్క సమస్యను, దానిని సాధించిన జట్టులోని వారి చేతనే, అందులోనూ టైపు చేయనివారి చేత, వివరింపజేయాలి. రహస్యంగా దాచిన పరీక్షాంకాలను, తెలుగులో వ్రాసిన సాధనలను ఉపాధ్యాయులకు ఇచ్చి పంపితే మరుసటి వారం తరగతి గదిలో తక్కిన నలభై మందికీ ఆ ప్రశ్న చేరుతుంది. చుట్టుపట్ల పల్లెల పిల్లలు సాయంత్రం బస్సు అందుకోవాలి గనుక వేళ చాలదని నిర్వాహకులు అంటారు. నిజమే. వేళ చాలనప్పుడు కోత అతిథుల ఉపన్యాసాలలో వేసుకోవచ్చును.